ఫుకెట్‌లో ఇంకో 30 రోజులు ఉండాలంటే: దరఖాస్తు ఆగేది టీఎం 30 దగ్గరే

థాయ్‌లాండ్‌లో టూరిస్టుగా దిగినవాళ్ళు గడువు పెంచుకోవడం పెద్ద కష్టమైన పనేమీ కాదు. ఒక ఫారం, ఒక ఫొటో, కొన్ని జిరాక్సులు, 1,900 బాత్‌ల నగదు, అంతే. అయినా ఫుకెట్ ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్ళి పని కాకుండా తిరిగొచ్చేవాళ్ళకు కొదవలేదు. డబ్బు లేకో, ఫొటో బాగాలేకో కాదు. వాళ్ళ దగ్గర లేనిది ఒకే ఒక్క కాగితం. అది వాళ్ళు నింపాల్సింది కూడా కాదు, ఉంటున్న ఇంటి ఓనరు పెట్టాల్సింది. మీరు ఆ ఇంట్లో దిగారని ఇమిగ్రేషన్‌కు తెలిపే ఆ కాగితం పేరు టీఎం 30. "పాస్‌పోర్టు ఇచ్చి వెళ్ళండి, మిగతాది మేం చూసుకుంటాం" అనే ఏజెంట్ల బేరం ఎక్కువగా నడిచేది ఈ కాగితం మీదే.

ముందు స్టాంపు చూసుకోండి

భారతీయులు వీసా లేకుండా 60 రోజులు ఉండే వెసులుబాటు 2024 జూలై 15న మొదలైంది. ఇలాంటివి అక్కడి ప్రభుత్వ నిర్ణయంతో వస్తాయి, ఇంకో నిర్ణయంతో మారిపోతాయి. అందుకని నిరుడు వెళ్ళొచ్చిన బావగారి మాటా, యూట్యూబ్ వీడియోలో చెప్పిన లెక్కా పక్కన పెట్టండి. పాస్‌పోర్టులో కొట్టిన స్టాంపు మీద ఏ తేదీ వరకు అని ఉందో అదే మీ గడువు. ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర నుంచి కదలకముందే ఆ తేదీ చదువుకోవడం మంచిది. పొరపాటు పడితే అక్కడే సరిచేయమని అడగొచ్చు. బయటికి వచ్చాక అదొక తలనొప్పి.

2025 మే 1 నుంచి దేశంలోకి వచ్చే ప్రతి విదేశీయుడూ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. పైసా ఖర్చు లేదు. అసలు సైటు చిరునామా చివర 'గో డాట్ టీహెచ్' అని ఉంటుంది. కార్డు నంబరు అడిగి డాలర్లు కోసే సైటు ఏదైనా సరే, అది సర్కారుది కాదు. నింపాక వచ్చే కాపీని ఫోన్లో దాచుకోండి, పొడిగింపు రోజున ఆఫీసువాళ్ళు దాని ప్రింటు కూడా అడగొచ్చు.

దరఖాస్తులో తేలికైన భాగం

ఫారం పేరు టీఎం 7. ఆఫీసులోనే ఊరికే ఇస్తారు. దానికి 4×6 సెంటీమీటర్ల ఫొటో ఒకటి అంటించి, పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, చివరిసారి దిగిన స్టాంపు పేజీ జిరాక్సులు జోడించాలి. ప్రతి జిరాక్సు మీదా మీ సంతకం ఉండాలి. నీలం సిరా పెన్ను ఒకటి వెంట పెట్టుకుంటే సరిపోతుంది. కుటుంబంతో వెళ్తే పిల్లలతో సహా మనిషికో ఫారం, మనిషికో 1,900 బాత్‌లు.

చాలామంది ఒక అనుమానంతో చివరి రోజు దాకా ఆగుతుంటారు: ముందే వెళ్తే మిగిలిన రోజులు పోతాయేమోనని. పోవు. పొడిగించిన 30 రోజులు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాకుండా, పాత గడువు ముగిసిన దగ్గర నుంచి లెక్కలోకి వస్తాయి. వారం పది రోజుల ముందే వెళ్తే, ఏదైనా కాగితం తక్కువైనా తెచ్చుకునే వ్యవధి ఉంటుంది. అధికారికి 30 రోజులు ఇవ్వడం ఇష్టం లేకపోతే 7 రోజులు మాత్రమే ఇచ్చి, ఆలోగా దేశం విడిచి వెళ్ళమంటారు. అప్పుడు కూడా 1,900 వెనక్కి రాదు.

టీఎం 30 ఎందుకు దొరకదు

1979 నాటి థాయ్ ఇమిగ్రేషన్ చట్టం 38వ సెక్షన్ ఒక మాట చెబుతుంది. విదేశీయుడు తమ ఇంట్లోనో హోటల్లోనో దిగితే, 24 గంటల్లోగా ఆ సంగతి ఇమిగ్రేషన్‌కు తెలపాలి. హోటలైతే మేనేజరు, ఇల్లయితే ఇంటివాళ్ళు. హోటళ్ళు రిసెప్షన్‌లో పాస్‌పోర్టు స్కాన్ చేసుకునేది ఇందుకే, వాళ్ళకది రోజువారీ పని. హోటల్లోనే ఉంటున్నవాళ్ళు పొడిగింపుకు వెళ్ళేముందు రిసెప్షన్‌లో దాని ప్రింటు అడిగి తీసుకుంటే పని అయిపోయినట్టే.

చిక్కంతా కాండోలు (అపార్ట్‌మెంట్ ఫ్లాట్లు), విల్లాలు, యాప్‌లో నెలకు మాట్లాడుకున్న గదుల దగ్గర వస్తుంది. ఓనరు రష్యాలోనో బ్యాంకాక్‌లోనో ఉంటాడు. తాళాలు ఇచ్చేది వేరే మనిషి, అద్దె తీసుకునేది ఇంకొకరు. టీఎం 30 వేయాల్సింది నువ్వంటే నువ్వని ఆ ఇద్దరూ తోసుకుంటారు. దీనికంటే గట్టి కారణం ఇంకోటుంది, దాన్ని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. 2004 నాటి థాయ్ హోటల్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంటిని రోజుల లెక్కన, వారాల లెక్కన అద్దెకివ్వడం కుదరదు. నెలకు తగ్గకుండా ఇస్తేనే అది మామూలు అద్దె. వారానికో టూరిస్టును దించే ఓనరు టీఎం 30 వేస్తే తన తప్పును తానే రికార్డుకెక్కించినట్టు అవుతుంది. పైగా అద్దె ఆదాయం మీద పన్ను భయం ఒకటి. అందుకే "అదేం అక్కర్లేదు, ఎవరూ అడగరు" అంటాడు. పొడిగింపు అడగని టూరిస్టు విషయంలో ఆ మాట చెల్లిపోతుంది. మీ విషయంలో చెల్లదు.

కాబట్టి అడగాల్సింది అడ్వాన్సు కట్టకముందే. ఫోన్లో మాట అనుకుని వదిలేయకుండా చాట్‌లో రాతపూర్వకంగా అడగండి: నేను దిగిన 24 గంటల్లో టీఎం 30 వేసి రసీదు పంపుతారా? ఓనరుకు ఇంగ్లీషు రాకపోతే 'తో మో సామ్ సిప్' అంటే చాలు, వెంటనే అర్థమవుతుంది. జవాబు దాటవేస్తే వేరే ఇల్లు చూసుకోవడమే మేలు. అద్దెలో మిగిలే రెండు మూడు వేల బాత్‌లు తర్వాత ఏజెంటు జేబులోకే పోతాయి.

ఇప్పటికే ఇంట్లో దిగిపోయి, ఓనరు పలకనివాళ్ళకూ దారి ఉంది. అదే చట్టంలో 4వ సెక్షన్ 'ఇంటి అధిపతి' అంటే ఎవరో చెబుతుంది: ఇల్లు ఎవరి చేతిలో ఉందో వాళ్ళు, సొంతదారు హోదాలో గానీ, అద్దెదారు హోదాలో గానీ. అంటే అద్దెకున్న మీరే ఆఫీసుకు వెళ్ళి టీఎం 30 ఇవ్వొచ్చు. కాకపోతే ఇల్లు ఓనరుదేనని, ఓనరే మీకు అద్దెకిచ్చాడని రుజువు చూపాలి. అందుకు కావాల్సినవి: ఇద్దరి సంతకాలూ ఉన్న అద్దె అగ్రిమెంటు, ఓనరు గుర్తింపు కార్డు జిరాక్సు (ఓనరు విదేశీయుడైతే పాస్‌పోర్టు జిరాక్సు), 'థబియన్ బాన్' అనే ఇంటి నమోదు పుస్తకం జిరాక్సు. ఈ చివరి రెండిటి మీదా ఓనరు సంతకం పడాలి. జిరాక్సు ఉండి సంతకం లేక వెనక్కి పంపించుకున్నవాళ్ళే ఎక్కువ, దీన్ని మాత్రం మరవొద్దు. ఇల్లు కంపెనీ పేరు మీద ఉంటే ఆ కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం కూడా అడుగుతారు. ఓనరు తరఫున మేనేజరు వస్తే, 10 బాత్‌ల స్టాంపు అంటించిన అధికార పత్రం ఉండాలి. ఓనరు సంతకం పెట్టిన కాగితాలను స్కాన్ చేసి పంపినా తీసుకుంటారా లేదా అన్నది కౌంటర్‌లో కూర్చున్న అధికారిని బట్టి ఉంటుంది. అసలు కాగితాలు దొరికితే వాటినే పట్టుకెళ్ళండి.

పేర్లలో వచ్చే తిరకాసు

ఆన్‌లైన్‌లో ఓనరు వేసిన టీఎం 30 చేతికొచ్చాక వెంటనే నాలుగు గడులు చూసుకోవాలి: పేరు, పాస్‌పోర్టు నంబరు, దేశం, దిగిన తేదీ. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉండేవాళ్ళు చాలామంది. పొడవైన ఇంటిపేరు ముందుండి, అసలు పేరు రెండు మూడు ముక్కలుగా ఉండేవాళ్ళు ఇంకా ఎక్కువ. థాయ్ ఓనరుకు ఇందులో ఏది ఏదో తెలియదు, తోచినట్టు కొట్టేస్తాడు. అరైవల్ కార్డులో మీరు పేరును ఎలా నింపారో టీఎం 30లోనూ అదే వరస ఉండేట్టు చూడండి. ఓనరుకు పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే పంపకుండా, ఏ గడిలో ఏం రాయాలో టైపు చేసి పంపితే ఈ బాధ ఉండదు. నంబరులో సున్నా బదులు 'ఓ' అక్షరం పడినా కంప్యూటర్‌లో మీ రికార్డు దొరకదు. అధికారి దృష్టిలో అప్పుడు టీఎం 30 లేనట్టే.

ఇంకో తిరకాసు పాత రసీదుతో వస్తుంది. మొదటి రెండు రాత్రులు హోటల్లో ఉండి కాండోకు మారితే హోటలు వేసింది పనికిరాదు, కాండోది కొత్తగా పడాలి. బ్యాంకాక్ హోటలు చిరునామాతో ఫుకెట్‌లో దరఖాస్తు పెట్టబోతే, ఉంటున్న జిల్లాలోనే అడగమంటారు. మధ్యలో కౌలాలంపూర్‌కో హైదరాబాద్‌కో వెళ్ళి మళ్ళీ వీసా లేకుండా దిగినవాళ్ళకు ఇల్లు అదే అయినా కొత్త టీఎం 30 కావాలి. 2020 జూన్ చివర్లో వచ్చిన సడలింపు రీఎంట్రీ పర్మిట్ (ఉన్న గడువు పోకుండా బయటికెళ్ళి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) ఉన్నవాళ్ళకూ, మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉన్నవాళ్ళకూ వర్తిస్తుంది. వాళ్ళు అదే ఇంటికి తిరిగొస్తే మళ్ళీ వేయనక్కర్లేదు. ఈ రూలును అరకొరగా విన్న టూరిస్టులు తమకూ అంతేననుకుని ఇరుక్కుంటారు.

24 గంటలు దాటిపోయిందా? కంగారు పడాల్సింది లేదు. టీఎం 30 ఆలస్యం నేరం కింద అరెస్టు చేసే వ్యవహారం కాదు, జరిమానా వ్యవహారం. మామూలు ఇంటికి చట్టం పెట్టిన పరిమితి 2,000 బాత్‌లు. చట్టం లెక్కన అది ఇంటివాళ్ళ మీద పడాలి. ఆచరణలో కౌంటర్ ముందు అవసరంతో నిలబడ్డవాళ్ళే కడతారు. కట్టి రసీదు తీసుకోండి, ఓనరు దగ్గర వసూలు చేసుకోవడానికి అదే ఆధారం. రసీదు ఇవ్వని డబ్బు జరిమానా అనిపించుకోదు.

ఆఫీసులో

ఫుకెట్ ప్రధాన ఆఫీసు ఫుకెట్ టౌన్‌లో, సఫాన్ హిన్ వైపు వెళ్ళే ఫుకెట్ రోడ్డు మీద ఉంది. పొద్దున 8:30కి తెరుస్తారు, 12 నుంచి 1 వరకు భోజన విరామం, సాయంత్రం 4:30కి మూత. శని, ఆదివారాలు సెలవు. ఏప్రిల్ 13, 14, 15 థాయ్ కొత్త సంవత్సరం సోంక్రాన్ సెలవులు. గడువు ఆ రోజుల్లో ముగుస్తుంటే ముందే కానిచ్చేయండి. బీచ్ నుంచి నేరుగా నిక్కర్లు, చేతుల్లేని బనియన్లతో వస్తే లోపలికి రానివ్వకపోవచ్చు. బయట జిరాక్సు షాపులో వందో రెండొందలో తీసుకుని ఫారం నింపిపెట్టేవాళ్ళతో ఏ ప్రమాదమూ లేదు.

ప్రమాదం ఉన్నది పాస్‌పోర్టు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళతో. పొడిగింపుకు మనిషి కౌంటర్ ముందుకు రావాలి, అక్కడే ఫొటో తీస్తారు. మీరు ఆఫీసు గడప తొక్కకుండానే స్టాంపు వచ్చిందంటే దాన్ని అనుమానించాలి. దొంగ స్టాంపు సంగతి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తెలియదు, తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టు కంప్యూటర్ దగ్గర తెలుస్తుంది. అప్పుడు మీ మీద పడేది గడువు మీరిన లెక్క ఒక్కటే కాదు, ఫోర్జరీ కేసు కూడా. ఆ ఏజెంటు ఫోను ఎత్తడు. సందేహం ఉంటే ఇమిగ్రేషన్ హెల్ప్‌లైన్ 1178కి చేయండి.

గడువు నిజంగానే దాటితే రోజుకు 500 బాత్‌లు, గరిష్ఠంగా 20,000. ఒకటి రెండు రోజులైతే ఎయిర్‌పోర్టులో కట్టి వెళ్ళిపోవచ్చు. 90 రోజులు దాటితే తమంతట తాము బయటపడ్డా ఏడాది నిషేధం. ఈలోగా పోలీసులకు దొరికిపోతే, ఏడాదికి లోపు మీరినవాళ్ళకైనా అయిదేళ్ళ నిషేధం. ఏజెంటు చెప్పే "కొంచెం ఆగండి, సెట్ చేస్తాం" అనే మాట విని ఆగకూడనిది ఇందుకే.

టూరిస్టు స్టాంపు మీద పని చేయకూడదు, జీతం ఇండియా ఖాతాలో పడినా సరే. ఫుకెట్‌లోని పటోంగ్ హోటల్లో వంటకైనా, కౌంటర్‌లో కూర్చోవడానికైనా నాన్ బీ అనే ఉద్యోగ వీసా, దానిమీద వర్క్ పర్మిట్ ఉండాలి. మన టూర్ గ్రూపులకు గైడుగా వస్తామనేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి: గైడు పని థాయ్ పౌరులకే కేటాయించినది, పర్మిట్ అడిగినా ఇవ్వరు.

దీర్ఘకాలం వీసాతో ఉండేవాళ్ళకు టీఎం 30 ఇంకో చోటా అడ్డం పడుతుంది. ఎడతెగకుండా 90 రోజులు దేశంలో ఉంటే, ఎక్కడ ఉంటున్నారో తెలిపే టీఎం 47 ఫారం ఇవ్వాలి. దానికి ఫీజు లేదు. ఆఫీసులోనైతే గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత వరకు తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో ఆ తర్వాతి 7 రోజులు ఉండవు. చిరునామా రికార్డు సరిగ్గా లేకపోతే ఆన్‌లైన్ దరఖాస్తు తిరస్కరిస్తారు, అప్పుడు మళ్ళీ ఓనరు, సంతకం, జిరాక్సు. ఇక ఏడాది పొడిగింపు తెచ్చుకున్నవాళ్ళు దేశం దాటేముందు రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. ఒకసారికి 1,000 బాత్‌లు, ఎన్నిసార్లయినా అంటే 3,800. అది లేకుండా విమానం ఎక్కితే ఆ ఏడాది పొడిగింపు అక్కడికక్కడే రద్దవుతుంది.