ఉదయగిరి మెట్టలో కొర్ర, కంది: ఎకరం సాగు నుంచి కంచం దాకా

ఉదయగిరి, వరికుంటపాడు మెట్టల్లో నైరుతి వానను నమ్ముకోలేం. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యంతోనే పడతాయి. కొర్రలో కంది వేస్తే ముందు వాన కొర్రకు, వెనక వాన కందికి అక్కరకొస్తాయి. నీళ్లు నిలవవు కనుక వరిమడిలా భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు రాదు. కంది వేరుబుడిపెలు నత్రజని పట్టిపెడతాయి, యూరియా ఖర్చు తగ్గుతుంది.

విత్తడం జులైలోనే. పదును జానెడు లోతు దిగాలి. పైపై జల్లుకే విత్తితే మొలక లేచి, వారం ఎండకు మాడిపోతుంది. ఆగస్టు దాటితే మొలక మొవ్వును తినే మొవ్వు ఈగ ఎక్కువ, కోతకొచ్చిన కంకి ఈశాన్య వానకు చిక్కి నల్లబడుతుంది.

ఎకరాకు కొర్ర కిలోముప్పావు, కంది కిలోన్నర, ఘనజీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి చేసే ఎరువు) 400 కిలోలు. కందికి కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా (తెగుళ్లను ఆపే మేలు బూజు) పట్టించి, చివర 200 గ్రాముల రైజోబియం (వేరుబుడిపెలు కట్టించే సూక్ష్మజీవి పొడి) బెల్లం నీళ్లతో కలిపి నీడన ఆరబెట్టాలి. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు. అయిదు సాళ్లు కొర్ర, ఆరోది కంది. ఆరు పళ్ల విత్తే గొర్రుకు చివరి గొట్టం మూసేసి, ఆ సాల్లో కంది చేత్తో వదలాలి.

ఎక్కువ చేలు చెడేది ఇక్కడే. కొర్ర గింజ చాలా సన్నం, గుప్పిట్లోంచి గుత్తులుగా జారిపోతుంది. మూడింతల పొడి ఇసుక కలపండి. రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోతుకు పోతే మొలక పైకి రాదు. పదిహేనో రోజున మొక్కకూ మొక్కకూ 10 సెంటీమీటర్లు ఉండేలా పలచన చేయాలి. పీకడానికి మనసొప్పదు గానీ, ఒత్తుగా వదిలేస్తే కంకులు చిన్నబోతాయి.

కలుపుకు నెల లోపు రెండుసార్లు దంతె (సాళ్ల మధ్య కలుపు తీసే పనిముట్టు) తోలితే చాలు. వెర్రికంకి (కంకి ఆకుల్లా మారే తెగులు) మొక్క కనబడితే పీకి కాల్చేయండి.

80–90 రోజులకు కొర్ర కోసేశాక కంది సాలు పక్కన కాలువ తీయాలి. తుఫాను వానకు నీళ్లు నిలిస్తే కంది వడలిపోతుంది. పూత మీద మబ్బు పడితే మరుకా పురుగు గూళ్లు కడుతుంది. పూమొగ్గ దశలోనే 5 శాతం వేపగింజల కషాయం కొట్టాలి, గూడు కట్టాక మందు లోపలికి పోదు.

కొర్రలు పొట్టుతోనే దాచుకుని, నెలకు సరిపడానే మరపట్టించండి. తవుడులో నూనె ఉంటుంది, బియ్యం చేసి ఉంచితే ముక్కిపోతుంది. తెల్లగా వచ్చేదాకా రెండోపట్టు వేయిస్తే పీచూ ఇనుమూ తవుట్లోకే పోతాయి; పండించిన కష్టంలో సగం పశువుల తొట్టికే. క్వింటాలుకు 60–70 కిలోల బియ్యం వస్తే సరైన పట్టే.

రాత్రి నానబెట్టి, గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లతో వండాలి. కొర్రలో తక్కువైన లైసిన్ (మాంసకృత్తుల్లో ఒక భాగం) కందిపప్పులో ఉంది, అందుకే మూడు పాళ్ల అన్నానికి ఒక పాలు పప్పు. మొలగొలుకుల వరి అన్నానికి అలవాటుపడ్డ నోటికి మొదట్లో పొడిపొడిగా తోస్తుంది, పులుసు కాస్త పలచగా చేసుకోండి. పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి పడుతుంది. తిన్న గంట దాకా టీ వద్దు.