తెల్లవారుజామున మూడింటికి కూడా దొరికేలా గైడ్లకు పేర్లు పెట్టడం ఎలా?

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకునే ఆఫీసు మాది. పన్నెండు మందిమి. ఓ రోజు తెల్లవారుజామున మూడింటికి ఒక చెరువులో ఆక్సిజన్ పడిపోయింది. గట్టు మీదున్న కుర్రాడు టెన్షన్‌లో ఫోన్ తీసి మా గైడ్లలో (ఏ పని ఎలా చేయాలో రాసిపెట్టుకున్న ఫైళ్లలో) 'ఆక్సిజన్' అని వెతికితే ఏమీ రాలేదు. గైడ్ లేక కాదు. దాని పేరు 'డీవో మేనేజ్‌మెంట్ ఫైనల్ కొత్తది 2'. డీవో అంటే నీటిలో కరిగిన ఆక్సిజనే. లోపలున్నది కాగితానికి తీసిన ఫోటో, కాబట్టి అందులోని అక్షరాలూ వెతుకులాటకు అందలేదు. ఆ పేరు పెట్టింది నేనే.

ఆ వారమే పేర్ల పని మొదలుపెట్టాం. మీరూ చేయాలనుకుంటే ముందు ఉన్నవన్నీ ఒక కాగితం మీదకి ఎక్కించండి. డ్రైవ్‌లోవే కాదు, వాట్సాప్ గ్రూపులోవి, ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉండిపోయినవి కూడా. మాకు చెరువు తయారీ మీదే నాలుగు తేలాయి: 'పాండ్ ప్రిపరేషన్', 'చెరువు తయారీ', 'ట్యాంక్ ప్రెప్', 'కొత్త పంటకి ముందు'. సున్నం మోతాదు వాటిలో మూడు రకాలుగా ఉంది! ఉన్నది దొరక్కపోతే ఎవరికి వాళ్లు కొత్తది రాసుకుంటారు. అసలు నష్టం అదే.

రెండో పని, ఒక్కో వస్తువుకి ఒక్కటే మాట ఖాయం చేయడం. వాదనలన్నీ ఇక్కడే వస్తాయి, రానివ్వండి. మేం పెట్టుకున్న రూలు ఒకటే: గట్టు మీద ఏమంటారో అదే రాయాలి. సీడ్ (రొయ్య పిల్లలు), మేత, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం), పట్టుబడి (పెరిగిన రొయ్యల్ని పట్టడం). కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని అందరూ కౌంట్ అంటుంటే, గైడ్‌కి 'సగటు బరువు' అని పేరు పెడితే ఎవరు తెరుస్తారు? 'చెరువు'కీ 'ట్యాంక్'కీ మధ్య అరగంట నడిచింది. హేచరీల్లో (రొయ్య పిల్లల్ని పుట్టించే చోట్ల) సిమెంటు ట్యాంకులు వేరే ఉన్నాయి కాబట్టి చివరికి చెరువే గెలిచింది. స్పెల్లింగ్ కూడా తేల్చేయండి. నీటిలో గాలి కలిపే యంత్రాన్నే తీసుకోండి: ఏరేటర్, ఏరియేటర్, ఎయిరేటర్ మనకి ఒకటే గానీ కంప్యూటర్‌కి మూడు వేరు మాటలు. ఖాయమైన మాటలన్నీ ఒక్క షీట్‌లో పెట్టి, దాన్ని మార్చే పని ఒక్కరికే అప్పజెప్పండి.

ఇక పేరులో వరుస. ముందు దేని గురించో, తర్వాత ఏ పనో, చివర ఏ రకం కాగితమో: 'చెరువు - సున్నం వేయడం - ఎలా', 'మేత - రోజు మోతాదు - పట్టిక', 'సీడ్ - దింపడం - ఫారం'. ఫోన్‌లో పొడవాటి పేర్ల చివర తెగిపోతుంది, అందుకని వెతికే మాట ముందుండాలి. ఆఫీసు పేరుతో మాత్రం మొదలుపెట్టకండి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

మారిపోయేవాటిని పేరులోకి రానివ్వకండి. మా ఫోల్డర్లు జిల్లాల వారీగా ఉండేవి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమకీ, కైకలూరు కృష్ణా నుంచి ఏలూరుకీ వెళ్లాయి, ఫోల్డర్లు మాత్రం పాత జిల్లాల్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు ఊరి పేరే వాడుతున్నాం. ఉద్యోగి పేరు, మందుల షాపు పేరు, 'ఫైనల్', 'కొత్తది' కూడా ఈ కోవలోవే. ఎప్పుడు మార్చారో గైడ్ లోపల మొదటి లైనులో రాస్తే చాలు.

నీటి పరీక్షల్లాంటి రోజువారీ రికార్డులకైతే పేరులోనే తేదీ కావాలి. సంవత్సరం ముందు పెట్టి 2025-06-05 అని రాయండి. వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. ఉత్త 05-06 అని ఉంటే జూన్ 5 అని ఒకరు, మే 6 అని ఇంకొకరు చదువుతారు. గీత పెట్టి 5/6 అని రాస్తే విండోస్ అసలు ఒప్పుకోదు. చెరువు నంబర్లు 01, 02 అని రెండంకెల్లో ఉంచండి, లేకపోతే కొన్ని యాప్‌లలో 1 పక్కన 10 వచ్చి కూర్చుంటుంది.

పాత పేర్లను పూర్తిగా తుడిచేయకండి. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది, బస్సెక్కేవాళ్లు ఇప్పటికీ రాజమండ్రి టికెట్టే అడుగుతారు. గైడ్లూ అంతే. గైడ్ లోపల తేదీ కింద 'ఇతర పేర్లు' అని ఒక లైను టైప్ చేసి పెట్టండి, వెతికితే అది కూడా దొరుకుతుంది. గూగుల్ డ్రైవ్‌లో పేరు మార్చినా పాత లింకు పనిచేస్తుంది. వాట్సాప్‌లో పంపిన కాపీలు మాత్రం పాత పేరుతోనే తిరుగుతుంటాయి, వాటిని పట్టించుకోవద్దని గ్రూపులో ఒక మాట చెప్పేయండి.

అంతా అయ్యాక, పేర్లు పెట్టినప్పుడు లేని మనిషికి ఫోన్ ఇచ్చి వెతకమనండి. ఏం టైప్ చేస్తున్నారో పక్కనుండి చూడండి, మధ్యలో సాయం చేయొద్దు. మేం కొత్తగా చేరిన కుర్రాడికి "తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోయింది, ఏం చేస్తావు?" అని చెప్పి ఫోన్ ఇచ్చాం. ఆక్సిజన్ అన్న మాట మేమే నోటికందించినా, అతను కొట్టింది 'రొయ్య తేలుతోంది' అని. గట్టు మీద కళ్లకి కనిపించేది అదే కదా. ఇప్పుడు ఆ గైడ్ పేరు 'రొయ్య తేలుతోంది - ఏం చేయాలి'. ఆక్సిజన్, డీవో రెండూ 'ఇతర పేర్లు' లైనులోకి వెళ్లాయి.