యునెస్కో అనుబంధ పాఠశాలగా చేరాలంటే: దరఖాస్తు విధానం

పారిస్‌లోని యునెస్కో ఆఫీసుకు నేరుగా ఉత్తరం రాసి, నెలల తరబడి జవాబు కోసం ఎదురుచూసిన స్కూళ్లు ఉన్నాయి. ఉత్తరంలో తప్పేమీ ఉండదు, తప్పంతా చిరునామాలోనే. యునెస్కోలో సభ్యత్వం దేశాలది. స్కూళ్లది, కాలేజీలది కాదు. కాబట్టి ఒక స్కూలు యునెస్కో అనుబంధ పాఠశాలల నెట్‌వర్క్‌లో చేరాలనుకుంటే ముందు వెళ్లాల్సింది తన దేశంలోని జాతీయ కమిషన్ దగ్గరికి. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం టెన్షన్ తగ్గినట్టే.

జాతీయ కమిషన్ అంటే ఏమిటి?

యునెస్కో రాజ్యాంగానికి 1945 నవంబర్ 16న లండన్‌లో ఆమోదం దొరికింది. విద్య, విజ్ఞానం, సంస్కృతి రంగాల్లో పనిచేసే తమ దేశ సంస్థలను యునెస్కో పనితో కలిపే ఏర్పాటు ప్రతి సభ్యదేశమూ చేసుకోవాలని, వీలైతే అందుకు ఒక జాతీయ కమిషన్‌ను పెట్టుకోవాలని అందులోని ఏడో అధికరణం చెబుతుంది. ఈ కమిషన్లు ఏం చేయాలో, ప్రభుత్వాలు వాటికి ఏం సమకూర్చాలో వివరిస్తూ 1978లో ఒక చార్టర్ కూడా వచ్చింది. ఐక్యరాజ్యసమితి కుటుంబంలో ఇన్ని సంస్థలున్నా, ఇలా దేశదేశానా కమిషన్లున్నది యునెస్కో ఒక్కదానికే.

చాలా దేశాల్లో ఈ కమిషన్ విద్యాశాఖ కిందే ఒక విభాగంగా నడుస్తుంది. కొన్నిచోట్ల విదేశాంగశాఖ చూసుకుంటుంది. జర్మనీలోనైతే అది విడిగా నమోదైన సంఘం. కాబట్టి మీ దేశంలో కమిషన్ ఏ శాఖ కింద ఉందో ముందు కనుక్కోండి. అందులోనే అనుబంధ పాఠశాలల వ్యవహారం చూసే జాతీయ సమన్వయకర్త అని ఒకరు ఉంటారు. మీ దరఖాస్తు విషయంలో మొదటి నుంచి చివరి దాకా మీరు మాట్లాడాల్సిన మనిషి వారే.

ఎవరు చేరవచ్చు?

ఈ నెట్‌వర్క్ 1953లో 33 స్కూళ్లతో మొదలైంది. ఇప్పుడు 180కి పైగా దేశాల్లో 12,000 దాటిన విద్యాసంస్థలున్నాయి. పేరులో పాఠశాల అని ఉన్నా, పూర్వ ప్రాథమిక బడి నుంచి ప్రాథమిక, ఉన్నత పాఠశాలలు, వృత్తివిద్యా సంస్థలు, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల దాకా అన్నిటికీ చోటుంది. సర్కారు బడి, ప్రైవేటు బడి అన్న తేడా లేదు. కాకపోతే అది ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థ అయి ఉండాలి. విశ్వవిద్యాలయాల దారి వేరు, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ నెట్‌వర్క్ సభ్యత్వంతో స్కూలుకు డబ్బు రాదు. భవనం రాదు, కంప్యూటర్లు రావు. అలాగే సభ్యత్వం ఇచ్చినందుకు యునెస్కో రుసుము కూడా తీసుకోదు. “ఇంత కడితే యునెస్కో గుర్తింపు ఇప్పిస్తాం” అని ఎవరైనా మధ్యవర్తి వస్తే, ఆ మాట అక్కడితో ఆపేసి నేరుగా కమిషన్‌కు ఫోన్ చేయండి. మరి ఏం వస్తుందంటే, ఇతర దేశాల స్కూళ్లతో కలిసి ప్రాజెక్టులు చేసే వీలు, కొత్త బోధనా సామగ్రి, పిల్లలకూ టీచర్లకూ నాలుగు గోడల బయట ఒక పరిచయం. ఇవి చాలు అనుకుంటేనే ముందుకు వెళ్లండి.

దరఖాస్తుకు ముందు బడిలో జరగాల్సిన పని

ఫారం నింపడం గంట పని. దాని ముందు జరగాల్సిన పనికే వారాలు పడుతుంది. నెట్‌వర్క్ మూడు అంశాలను పట్టుకుని పనిచేస్తుంది. ఒకటి ప్రపంచ పౌరసత్వం, శాంతి, అహింస. రెండోది సుస్థిర అభివృద్ధి, అందుకు తగిన జీవనశైలి. మూడోది వేర్వేరు సంస్కృతుల వాళ్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం, వారసత్వాన్ని గౌరవించడం. ఈ మూడింటిలో మీ స్కూలు ఇప్పటికే ఏం చేస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి.

రాయడం మొదలుపెడితే చాలా స్కూళ్లకు ఆశ్చర్యం కలుగుతుంది. వాన నీరు ఇంకే గుంత తవ్వించి పిల్లలతో ఏడాది పొడుగునా కొలతలు తీయించిన సైన్సు టీచర్ ఉంటారు. తరగతిలో ఎన్ని మాతృభాషలున్నాయో లెక్కపెట్టించి, ఆ భాషల కథలు చెప్పించిన భాషా టీచర్ ఉంటారు. ఇవన్నీ దరఖాస్తులో రాయదగ్గవే. “మా పాఠశాల విలువలతో కూడిన విద్యను అందిస్తోంది” లాంటి వాక్యం మాత్రం ఎన్నిసార్లు రాసినా ఉపయోగం లేదు. చదివేవారికి కావాల్సింది ఏ తరగతి పిల్లలు, ఏ నెలలో, ఏం చేశారు, దానివల్ల ఏం మారింది అన్నది.

ఇంకో సంగతి. ఇది ఒక్క టీచర్ ఉత్సాహంతో నడిచే వ్యవహారం కాకూడదు. బడి మొత్తం, అంటే యాజమాన్యం, టీచర్లు, పిల్లలు, తల్లిదండ్రులు అందరూ కలిసి రావాలన్నది నెట్‌వర్క్ ఉద్దేశం. స్టాఫ్ మీటింగులో ఒకసారి, తల్లిదండ్రుల సమావేశంలో ఒకసారి చర్చ పెట్టి, ఆ తీర్మానాన్ని రాసి ఉంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఫారంలో ఏముంటుంది?

సమన్వయకర్తకు ఆసక్తి తెలియజేస్తూ స్కూలు లెటర్‌హెడ్ మీద ఒక చిన్న లేఖ పంపితే, దరఖాస్తు ఎలా చేయాలో వారు చెబుతారు. దరఖాస్తు నెట్‌వర్క్ వారి ఆన్‌లైన్ వ్యవస్థలోనే నింపాలి. స్కూలు పేరు, చిరునామా, ఏ స్థాయి, ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, బోధనా భాష లాంటి వివరాలు మామూలే. స్కూలు పేరును గుర్తింపు పత్రంలో ఎలా ఉందో అలాగే రాయండి. తర్వాత సర్టిఫికెట్ మీద పడేది అదే పేరు.

వాటి తర్వాత అసలు ప్రశ్నలు వస్తాయి. ఎందుకు చేరాలనుకుంటున్నారు? ఇప్పటిదాకా ఏం చేశారు? రాబోయే ఏడాదిలో ఏం చేస్తారు? మూడో ప్రశ్న దగ్గర ఎక్కువమంది అతి చేస్తారు. పదిహేను కార్యక్రమాల జాబితా కన్నా, నిజంగా చేయగలిగిన మూడు మంచివి. చేస్తామన్న పనికే తర్వాత జవాబు చెప్పాల్సి ఉంటుంది మరి.

స్కూలు తరఫున ఒక టీచరును సమన్వయకర్తగా చూపించాలి. వారు లేనప్పుడు చూసుకునేందుకు ఇంకొకరిని కూడా అనుకోండి. నెట్‌వర్క్ నియమాలకు కట్టుబడతామని హెడ్‌మాస్టర్ లేదా ప్రిన్సిపాల్ సంతకం చేసిన పత్రం కూడా జతచేయాలి.

ఈ చోట నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను సాయం చేసిన ఒక బడిలో దరఖాస్తు మొత్తం ఒక టీచర్ సొంత ఈమెయిల్‌తో నింపాం. ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. ఏవో రెండు వివరాలు సరిచేయమని వచ్చిన ఉత్తరం ఆయన ఇన్‌బాక్సులోనే ఉండిపోయింది. ఈలోగా ప్రిన్సిపాల్ కూడా మారారు, పాత సంతకానికి విలువ పోయింది. మళ్లీ మొదటి నుంచి. ఒక విద్యా సంవత్సరం అలా గడిచిపోయింది. అందుకే మొదటి రోజే స్కూలు పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ ఆఫీసు రిజిస్టరులో ఉంచండి.

పంపిన తర్వాత

దరఖాస్తు చేరగానే సభ్యత్వం వచ్చినట్టు కాదు. జాతీయ సమన్వయకర్త దాన్ని చూస్తారు, సందేహాలుంటే అడుగుతారు, కొన్ని దేశాల్లో బడికి వచ్చి కూడా చూస్తారు. నచ్చితే మీ స్కూలు మొదట అభ్యర్థిగా ఉంటుంది. ఈ కాలంలో చెప్పిన పనులు చేసి చూపించాలి. ఫొటోలకన్నా పిల్లల రాతలు, కొలతల పుస్తకాలు, గోడపత్రికలు జాగ్రత్త చేయండి. దండలు వేస్తున్న ఫొటోలు ఎన్ని పెట్టినా ఒక పిల్ల రాసిన నాలుగు పేజీల నీటి లెక్కకు సాటిరావు.

పని తృప్తిగా ఉంటే జాతీయ కమిషన్ తన సమ్మతితో మీ స్కూలు పేరును పారిస్‌కు పంపుతుంది. అక్కడి అంతర్జాతీయ సమన్వయ విభాగం ఆమోదించి సర్టిఫికెట్ ఇస్తుంది. కమిషన్ సమ్మతి లేకుండా పారిస్‌లో ఎవరూ ఏమీ చేయలేరు, కాబట్టి అక్కడికి గుర్తుచేసే ఉత్తరాలు రాయడం వృథా. అడగాల్సింది ఏదైనా మీ సమన్వయకర్తనే అడగండి. ఎన్ని రోజులు పడుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. దరఖాస్తులు ఏ నెలల్లో తీసుకుంటారో ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

గుర్తు వాడకం

సర్టిఫికెట్ రాగానే గేటు మీద గుడి ఆకారంలో ఉండే యునెస్కో గుర్తును పెద్దగా వేయించాలని అందరికీ ఉంటుంది. అది కుదరదు. సభ్య పాఠశాలలకంటూ నెట్‌వర్క్ పేరుతో కూడిన గుర్తు వేరే ఉంటుంది, దాన్ని స్కూలు సొంత పేరు, గుర్తుతో పాటు వాడాలి. యునెస్కో పేరు, గుర్తు వాడకం మీద 2007లో యునెస్కో సభ్యదేశాల సర్వసభ్య సమావేశం ఆమోదించిన నిబంధనలున్నాయి. అడ్మిషన్ల ప్రకటనలో “యునెస్కో గుర్తింపు పొందిన స్కూలు” అని వేసుకుంటే చిక్కు తప్పదు. సభ్యత్వం అంటే యునెస్కో మీ చదువు నాణ్యతకు పూచీ పడిందని అర్థం కాదు.

ఏటా చేయాల్సినవి

ఏడాది మొదట్లో ప్రణాళిక, చివర్లో నివేదిక. నెట్‌వర్క్ లేదా యునెస్కో నిర్వహించే ప్రాజెక్టులు, పోటీలు, ప్రచారాల్లో ఏటా కనీసం రెండింటిలో పాల్గొనాలి. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ దినాలు కనీసం రెండు బడి అంతా కలిసి జరపాలి. దినాలను ఎంచుకునేటప్పుడు సెలవులు, పరీక్షలు చూసుకోండి. ఫిబ్రవరి 21 మాతృభాషా దినం, మార్చి 22 నీటి దినం, సెప్టెంబర్ 21 శాంతి దినం, అక్టోబర్ 5 ఉపాధ్యాయ దినం, డిసెంబర్ 10 మానవ హక్కుల దినం. వీటిలో మీ క్యాలెండర్‌కు సరిపడే రెండు దొరకకపోవు.

వేరే దారులు

మీది విశ్వవిద్యాలయమైతే, 1992లో మొదలైన యునెస్కో పీఠాల (చైర్ల) కార్యక్రమం చూడండి. పౌరులంతా కలిసి పనిచేయాలనుకుంటే యునెస్కో క్లబ్బులున్నాయి, మొదటిది 1947లో జపాన్‌లోని సెండాయ్‌లో పుట్టింది. చిన్న ప్రాజెక్టుకు డబ్బు కావాలంటే పార్టిసిపేషన్ ప్రోగ్రామ్ అని ఒకటుంది. అయితే రెండేళ్లకోసారి ఒక్కో దేశం పంపగలిగే విన్నపాల సంఖ్యకు పరిమితి ఉంటుంది కాబట్టి పోటీ గట్టిది. ఈ మూడింటికీ కూడా మాట్లాడాల్సింది జాతీయ కమిషన్‌తోనే.

సభ్యత్వం వచ్చాక హెడ్‌మాస్టర్ మారినా, బడి సమన్వయకర్త మారినా, ఫోన్ నంబరు మారినా కమిషన్‌కు వెంటనే తెలియజేయండి. నివేదికలు రాక, ఉత్తరాలకు జవాబు లేక పలకని స్కూళ్ల పేర్లు జాబితా నుంచి తీసేస్తారు. తీసేసిన సంగతి తెలిపే ఉత్తరం కూడా ఆ పాత చిరునామాకే వెళుతుంది.