అన్నీ ఎస్‌ఎస్‌డీలే ఉన్న ఇంటి స్టోరేజీ సర్వరు: సమస్య - పరిష్కారం

ఇంట్లోని ఫొటోలు, వీడియోలు, కాగితాల స్కాన్లు దాచుకునే సర్వరులో హార్డ్ డిస్కులు తీసేసి పూర్తిగా ఎస్‌ఎస్‌డీలు (డేటాను ఫ్లాష్ చిప్పుల్లో దాచే డ్రైవులు) పెడితే చప్పుడు పోతుంది, కరెంటు ఖర్చు తగ్గుతుంది, కానీ హార్డ్ డిస్కులతో ఎన్నడూ ఎదురుకాని కొన్ని పేచీలు వచ్చిపడతాయి. లైనక్స్ మీద జెడ్‌ఎఫ్‌ఎస్ (డ్రైవులన్నిటినీ ఒకే పూల్‌గా కలిపి నడిపే ఫైల్ వ్యవస్థ) నడిపేవారిని దృష్టిలో పెట్టుకుని వాటిలో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను. డ్రైవు పూల్ నుంచి జారిపోగానే అది చచ్చిపోయిందని తీర్మానించి కొత్తది కొనవద్దు. ముందు డీమెసెగ్ (dmesg) ఆదేశం చూపించే కెర్నల్ (లైనక్స్ మూల భాగం) సందేశాలను, డ్రైవు తనలో తాను రాసుకునే స్మార్ట్ లెక్కలను చదవాలి. పోయింది డ్రైవా, లేక డ్రైవు దాకా వెళ్ళే దారా అనేది ఈ రెండింటిలోనే తేలుతుంది.

కాపీ వేగంగా మొదలై మధ్యలో చతికిలబడుతోంది

ముందుగా నెట్‌వర్క్‌ను పక్కకు పెట్టాలి. ఒక గిగాబిట్ లైను మీద సెకనుకు 110 ఎంబీ చుట్టుపక్కల స్థిరంగా వస్తుంటే అది ఆ లైను హద్దే తప్ప డ్రైవు లోపం కాదు. మొదట ఎక్కువ వేగం వచ్చి, కొన్ని పదుల జీబీలు రాశాక ఒక్కసారిగా పడిపోతుంటే మాత్రం కారణం చాలావరకు డ్రైవులోని ఎస్‌ఎల్‌సీ కాష్ నిండిపోవడమే. ఇళ్ళలో వాడే ఎస్‌ఎస్‌డీలు తమ ఫ్లాష్‌లో కొంత భాగాన్ని సెల్‌కు ఒక్క బిట్ చొప్పున వాడుతూ రాతను తాత్కాలికంగా అక్కడ దించుకుంటాయి. ఆ చోటు నిండాక నేరుగా నెమ్మదైన సెల్స్‌లోకి రాయక తప్పదు. శాంసంగ్ 870 క్యూవీఓ 1 టీబీ డ్రైవునే తీసుకుంటే, గరిష్ఠంగా 42 జీబీ కాష్ అయిపోయాక దాని రాత వేగం సెకనుకు 80 ఎంబీకి పడుతుందని తయారీదారే ప్రకటించారు. పాడైన డ్రైవు స్థానంలో కొత్తది పెట్టి రీసిల్వర్ చేసేటప్పుడు, అంటే డేటాను దానిలోకి తిరిగి నింపేటప్పుడు, ఈ తేడా బాగా బాధిస్తుంది: 80 ఎంబీ వేగంతో 1 టీబీ రాయడానికి సుమారు మూడున్నర గంటలు పడుతుంది, ఆ మూడున్నర గంటలూ పూల్‌కు రక్షణ తగ్గే ఉంటుంది.

దీనికి సెట్టింగులతో దొరికే పరిష్కారం కొంతవరకే. డ్రైవులో ఐదో వంతు ఖాళీగా ఉంచడం, ట్రిమ్‌ను (తుడిచేసిన చోటు ఏదో డ్రైవుకు చెప్పే ఆదేశం) క్రమం తప్పకుండా నడపడం వల్ల కాష్‌కు చోటు దొరుకుతుంది. అసలైన మందు కొనేటప్పుడే వేసుకోవాలి: సర్వరుకు క్యూఎల్‌సీ (సెల్‌కు నాలుగు బిట్లు) డ్రైవుల కన్నా టీఎల్‌సీ (సెల్‌కు మూడు బిట్లు) డ్రైవులే నయం.

సాటా (కేబుల్‌తో కలిపే) డ్రైవు ఉన్నట్టుండి పూల్ నుంచి జారిపోతోంది

స్మార్ట్ లెక్కల్లో 199వ వరుస, అంటే సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో డేటా చెడిన సందర్భాల) సంఖ్య పెరుగుతూ ఉండి, కెర్నల్ సందేశాల్లో ఐసీఆర్‌సీ అనే మాట కనిపిస్తే తప్పు కేబుల్‌ది, లేదా కనెక్టర్‌ది. మా సర్వరులో మూడో డ్రైవు ఒకే నెలలో రెండుసార్లు జారిపోయినప్పుడు 199వ లెక్క 41 దగ్గర ఉంది. పక్క మూత తీసి చూస్తే, మూత ఒత్తిడికి కేబుల్ కనెక్టర్ దగ్గరే మడత పడి, పట్టి ఉంచే లోహపు క్లిప్పు పక్కకు ఒరిగి కనిపించింది. వేలితో తాకితే చాలు, కనెక్టర్ కదిలింది. క్లిప్పు గట్టిగా ఉన్న పొట్టి కేబుల్ వేసి, జెడ్‌పూల్ క్లియర్ ఆదేశంతో ఎర్రర్లు తుడిచి, స్క్రబ్ (పూల్‌లోని డేటా అంతా చదివి సరిచూసే పని) నడిపాను. ఆ లెక్క నేటికీ 41 దగ్గరే ఉంది. అది ఎన్నటికీ సున్నాకు తిరిగి రాదు కనుక, కేబుల్ మార్చిన రోజు సంఖ్యను రాసిపెట్టుకుని, ఆపైన పెరుగుతోందా లేదా అనేదే చూడాలి. పవర్ స్ప్లిట్టర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్లాస్టిక్ పోతపోసిన చవక రకాలు లోపల షార్టయి కాలిపోయిన సందర్భాలున్నాయి కాబట్టి వాటిని వాడకపోవడమే మంచిది.

సీఆర్‌సీ లెక్క కదలకుండా, విఫలమైన ఆదేశంగా సెండ్ ఎఫ్‌పీడీఎంఏ క్యూడ్ అని కనిపిస్తే కథ వేరు. అది క్యూ పద్ధతిలో పంపిన ట్రిమ్‌ను డ్రైవు సరిగా తీసుకోలేకపోవడం. శాంసంగ్ 860, 870 వరుసలకు ఈ రకం ట్రిమ్‌ను లైనక్స్ కెర్నల్ 2021లో నిలిపివేసింది. ఆ మార్పు ఉన్న కెర్నల్‌కు మారితే ఈ పేచీ తీరుతుంది.

ఎన్‌వీఎంఈ (పీసీఐఈ లింకు మీద నడిచే) డ్రైవు మాయమై, సర్వరును పూర్తిగా ఆపి మళ్ళీ ఆన్ చేస్తేనే తిరిగి కనిపిస్తోంది

కంట్రోలర్ ఈజ్ డౌన్ అనే సందేశం పక్కన సీఎస్‌టీఎస్ (డ్రైవు స్థితిని చెప్పే) విలువలో అన్నీ ఎఫ్‌లే ఉంటే, చాలాసార్లు డ్రైవు గాఢ నిద్రలోకి వెళ్ళి లేవలేదని అర్థం. పనిలేనప్పుడు కరెంటు ఆదా చేసే ఏపీఎస్‌టీ ఏర్పాటుకూ, ఆ డ్రైవు ఫర్మ్‌వేర్‌కూ, మదర్‌బోర్డుకూ పొత్తు కుదరనప్పుడు ఇలా జరుగుతుంది. బూట్ పారామీటర్లలో ఎన్‌వీఎంఈ కోర్ మాడ్యూల్‌కు చెందిన డీఫాల్ట్ పీఎస్ మ్యాక్స్ లేటెన్సీ (nvme_core.default_ps_max_latency_us) విలువను 0 చేస్తే ఆ నిద్ర ఆగిపోతుంది. అప్పటికీ మాయమవుతుంటే పీసీఐఈ లింకు పొదుపును, అంటే ఏఎస్‌పీఎంను కూడా ఆపి చూడాలి. కొద్ది వాట్లు ఎక్కువ ఖర్చవుతాయి, డ్రైవు వేడి కూడా కాస్త పెరుగుతుంది. నాకు మాత్రం అది న్యాయమైన బేరమనే అనిపిస్తుంది.

ట్రిమ్ కుదరదని చెబుతోంది

జెడ్‌పూల్ స్టేటస్‌కు టీ జోడించి (zpool status -t) నడిపితే డ్రైవుల పక్కన ట్రిమ్ అన్‌సపోర్టెడ్ అని వస్తుంది. పాత ఎల్‌ఎస్‌ఐ కంపెనీ హెచ్‌బీఏ (అదనపు డ్రైవులను కలిపే) కార్డుల్లో ఇది మామూలే. ట్రిమ్ తర్వాత ఆ చోటు చదివితే ఖచ్చితంగా సున్నాలే ఇస్తానని హామీ ఇచ్చే ఎస్‌ఎస్‌డీలకే అవి ట్రిమ్‌ను దాటిస్తాయి. మీ డ్రైవు ఆ హామీ ఇస్తుందో లేదో హెచ్‌డీపార్మ్ ఆదేశం చూపిస్తుంది. ఇవ్వకపోతే ఆ డ్రైవును మదర్‌బోర్డు సాటా పోర్టుకు మార్చడమే సులువు.

నాలుగు ఎన్‌వీఎంఈ డ్రైవుల కార్డులో ఒక్కటే కనిపిస్తోంది

బయోస్‌లో ఆ కార్డు ఉన్న స్లాటుకు బైఫర్కేషన్‌ను (స్లాటులోని దారులను పంచే ఏర్పాటును) ఎక్స్4 చొప్పున నాలుగుగా మార్చాలి. ఆ ఎంపికే లేని బోర్డయితే సొంత స్విచ్ చిప్ ఉన్న కార్డు కావాలి.

మే నెలలో మాత్రమే నెమ్మదిస్తోంది

విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గది మధ్యాహ్నానికి 40 డిగ్రీలు దాటినప్పుడు, గాలి ఆడని ఎం.2 స్లాటులోని డ్రైవు తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. స్మార్ట్ వివరాల్లో వార్నింగ్ టెంపరేచర్ టైమ్ అనే లెక్క నిమిషాల్లో ఉంటుంది. అది పెరుగుతుంటే హీట్‌సింక్ ఒక్కటే సరిపోదు, దాని మీదుగా గాలి వెళ్ళేలా ఫ్యాను అమర్చాలి. స్క్రబ్‌ను తెల్లవారుజాముకు మార్చుకోవడం ఖర్చులేని పని.

కరెంటు పోయి వచ్చాక ఫైళ్ళు చెడుతున్నాయి, లేదా సర్వరు రీస్టార్ట్ అవుతోంది

ఇన్వర్టరు ఉంది కదా అని ధీమాగా ఉండేవారికి ఇది తరచు ఎదురవుతుంది. ఇన్వర్టరు మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణకాలానికే సర్వరు ఆగిపోవచ్చు; వెనక ఉన్న స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌కు మారిస్తే ఆ వ్యవధి తగ్గుతుంది. అయితే బ్యాటరీ అయిపోవస్తోందని ఇన్వర్టరు సర్వరుకు చెప్పలేదు. అందుకే యూఎస్‌బీ ఉన్న చిన్న యూపీఎస్‌ను మధ్యలో పెట్టి, నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ సాఫ్ట్‌వేర్‌తో సర్వరు దానంతట అదే సక్రమంగా ఆగేలా చేయాలి. డేటాబేసులు, వర్చువల్ మెషీన్లు నడిపేవారు కెపాసిటర్ల రక్షణ ఉన్న సర్వరు తరగతి ఎస్‌ఎస్‌డీలు వాడితే, రాత మధ్యలో కరెంటు పోయినా డ్రైవు చేతిలో ఉన్నది భద్రంగా ఫ్లాష్‌లోకి చేరుతుంది. పైగా సింక్ రాతలు (డ్రైవులో భద్రంగా చేరిందని తేలేదాకా ఆగే రాతలు) ఎంతో వేగవంతమవుతాయి.

పెండింగ్ సెక్టార్ అని మెయిల్ వస్తుంది, చూస్తే ఏమీ ఉండదు

క్రూషియల్ ఎంఎక్స్500 డ్రైవుల్లో 197వ లెక్క, అంటే చదవడం కుదరక అనుమానంలో ఉన్న (పెండింగ్) సెక్టార్ల సంఖ్య, ఒకటికి వెళ్ళి కాసేపటికే సున్నాకు వచ్చేస్తుంది. స్మార్ట్ లెక్కలు చదివే స్మార్ట్‌మాన్‌టూల్స్ సాఫ్ట్‌వేర్ దీని పేరుకు ముందు బోగస్ అనే మాట చేర్చింది కూడా. ఇతర లెక్కలు, స్క్రబ్ ఫలితం శుభ్రంగా ఉంటే ఆ ఒక్క హెచ్చరికను ఆపేయవచ్చు.

ఒకే మోడల్ డ్రైవులు ఒకేసారి పోయాయి

ఇది అరుదు, కానీ వచ్చిందంటే మిర్రరు (ఒకే డేటాను రెండు డ్రైవుల్లో ఉంచడం), రైడ్ (డేటాను పలు డ్రైవుల మీద రక్షణతో పంచడం) ఏదీ కాపాడలేదు. క్రూషియల్ ఎం4 డ్రైవులు 5,184 గంటలు నడిచాక స్పందించడం మానేసేవి. 2012లో వచ్చిన ఫర్మ్‌వేర్ దాన్ని సరిచేసింది. సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ 2019లో ప్రకటించిన లోపం ఇంకా భయంకరమైనది: కొన్ని సాస్ (సర్వర్లలో వాడే రకం) ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలకు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలకు, డేటాతో సహా శాశ్వతంగా పోయేవి. ఒకే రోజు కలిపి ఆన్ చేసిన డ్రైవుల గంటల లెక్క ఒక్కటే కనుక చావూ ఒక్కసారే వస్తుంది.

కాబట్టి మిర్రరులోని రెండు డ్రైవులూ వేర్వేరు కంపెనీలవై ఉండేలా కొనాలి, సర్వరుకు బయట ఇంకో చోట బ్యాకప్ ఉంచాలి, పవర్-ఆన్ గంటలను, ఫర్మ్‌వేర్ సంఖ్యను మూడు నెలలకొకసారి చూసుకోవాలి. ఫర్మ్‌వేర్ మార్చేటప్పుడు బ్యాకప్ సరిచూసుకుని ఒక్కో డ్రైవుకే మార్చి, పూల్ కోలుకున్నాక స్క్రబ్ నడిపి, వారం రోజులు అంతా సవ్యంగా ఉందని తేలాకే రెండో డ్రైవు జోలికి వెళ్ళాలి.