చిన్నప్పుడు టీఓఎఫ్ ఆపరేషన్ అయినవాళ్లు పెద్దయ్యాక ఏం చూసుకోవాలి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన కొత్తలో గుండె ఆపరేషన్ చేయించుకున్న పిల్లలు ఇప్పుడు ఇరవైలలో ఉన్నారు. ‘రంధ్రం మూసేశారు, ఇక భయం లేదు’ అన్న మాట మీదే ఏళ్ల తరబడి ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు వీళ్లలో ఉన్నారు. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే పుట్టుకతో వచ్చే గుండె జబ్బు ఉన్నవాళ్లకు, అంటే కాగితాల్లో టీఓఎఫ్ అని రాసి ఉన్నవాళ్లకు ఆ మాట సరిపోదు.

ఆపరేషన్‌లో జఠరికల (గుండె కింది గదుల) మధ్య రంధ్రానికి ప్యాచ్ వేస్తారు, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే ఇరుకు దారిని వెడల్పు చేస్తారు. ఇరుకు ఆ దారిలోని పల్మనరీ వాల్వు (రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపు) దగ్గరే ఉంటే దాని మీదుగా కోసి ప్యాచ్ వేయక తప్పదు. ఆ తర్వాత ఆ వాల్వు సరిగా మూసుకోదు. ఊపిరితిత్తుల వైపు వెళ్లిన రక్తంలో కొంత వెనక్కి కారుతూ ఉంటుంది, కుడి జఠరిక ఆ అదనపు భారం మోస్తూ మెల్లగా సాగిపోతుంది. నొప్పి ఉండదు. మనిషి తనకు తెలియకుండానే నడక వేగం తగ్గించుకుంటాడు, మెట్లు మానేసి లిఫ్ట్ ఎక్కుతాడు. అందుకే ‘నాకేం ఇబ్బంది లేదు’ అన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మొదట పాత కాగితాలు వెతకండి. డిశ్చార్జ్ సమ్మరీ కన్నా ఆపరేషన్ నోట్స్ ముఖ్యం: ప్యాచ్ ఎక్కడిదాకా వేశారో, వాల్వును ఉంచారో లేదో అందులోనే ఉంటుంది. దొరికితే ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. అసలు ఆపరేషన్‌కు ముందు ఛాతీ పక్కన కోసి షంట్ (చేతికి వెళ్లే రక్తనాళం నుంచి ఊపిరితిత్తులకు రక్తం మళ్లించే దారి) వేసి ఉంటే, ఆ వైపు చేతిలో బీపీ తక్కువ చూపించవచ్చు. రెండో చేతికే చూడమని చెప్పండి.

ఏడాదికోసారి పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు చూసే కార్డియాలజిస్టును కలవాలి. ఈసీజీ, ఎకో (గుండె స్కాను) తప్పనిసరి. ఈసీజీలో క్యూఆర్ఎస్ (జఠరికలు కొట్టుకునేటప్పుడు పడే గీత) వెడల్పు 180 మిల్లీసెకన్లు దాటితే ప్రమాదకరమైన లయ తప్పే అవకాశం ఎక్కువ. ఎకోలో కుడి జఠరిక పూర్తిగా కనపడదు, దాని సైజు కచ్చితంగా చెప్పేది ఎంఆర్ఐ. ఛాతీ ఎముకకు కట్టిన స్టీలు వైర్ల వల్ల ఎంఆర్ఐకి అడ్డేమీ లేదు, పేస్‌మేకర్ ఉంటే మాత్రం ముందే చెప్పాలి. రిపోర్టులో కుడి జఠరిక నిండినప్పటి పరిమాణం, శరీర ఉపరితలం చదరపు మీటరుకు 160 మి.లీ. దగ్గరికి వస్తుంటే, లక్షణాలు లేకపోయినా కొత్త వాల్వు గురించి మాట్లాడాలి. మరీ సాగాక వాల్వు మార్చినా జఠరిక మామూలు సైజుకు రాకపోవచ్చు. జంతు కణజాలంతో చేసిన వాల్వు శాశ్వతం కాదు, సుమారు పది పదిహేనేళ్లకు మళ్లీ మార్చాల్సి రావచ్చు. కొందరికి ఈ వాల్వును ఛాతీ కోయకుండా కాలి సిర గుండానే వేస్తారు.

గుండె దడ వస్తే అది ఉన్నప్పుడే దగ్గర్లో ఎక్కడైనా సరే ఈసీజీ తీయించండి. తగ్గాక తీస్తే మామూలుగానే కనపడొచ్చు. దడతో కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా ఇంట్లో ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

జ్వరం సంగతి మరీ జాగ్రత్త. కారణం తెలియని జ్వరం మూడు నాలుగు రోజులు దాటితే, ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించుకునే ముందే ఆసుపత్రికి వెళ్లి బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) ఇవ్వండి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరకకపోవచ్చు, వాల్వుకు ఇన్ఫెక్షన్ పట్టి ఉంటే అది దాక్కుండిపోతుంది. కృత్రిమ వాల్వు ఉన్నా, ప్యాచ్ దగ్గర లీకు మిగిలినా, ముందొకసారి ఈ ఇన్ఫెక్షన్ వచ్చినా, పన్ను పీకించుకునే ముందు, చిగుళ్లకు చికిత్స చేయించుకునే ముందు యాంటీబయాటిక్ కావాలి. పెద్దలకు మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అరగంట నుంచి గంట ముందు ఒకే మోతాదు. పెన్సిలిన్ పడనివాళ్లు డాక్టరుకు చెప్పి వేరే మందు రాయించుకోవాలి. ఇవేవీ లేనివాళ్లకు, ఆపరేషన్ అయ్యి ఆరు నెలలు దాటితే సాధారణంగా ఇది అక్కర్లేదు. పళ్లు, చిగుళ్లు శుభ్రంగా ఉంచుకోవడం మాత్రం అందరికీ అవసరమే.

పెళ్లయి పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు గర్భం రాకముందే ఎకో, అవసరమైతే ఎంఆర్ఐ చేయించుకోవాలి. ఎనాలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి ముందే మార్పించుకోవాలి. తల్లికి గానీ తండ్రికి గానీ టీఓఎఫ్ ఉంటే 18 నుంచి 22 వారాల మధ్య ఫీటల్ ఎకో (కడుపులోని బిడ్డ గుండె స్కాను) తీయించండి. ఆ స్కాను రాయమని మీరే అడగండి.