గాజు గొట్టం ఎక్కడ ఆనించాలంటే
విజయనగరంలో మా ఇంటికి రెజొనేటర్ గిటార్ వచ్చిన వారమంతా గరగరే. తీగల మోతని పెంచే లోపలి అల్యూమినియం కోన్ చిన్న తప్పునీ దాచదు మరి! గాజు గొట్టం చిటికెనవేలికి తొడిగి తీగకి ఆనించండి చాలు, నొక్కొద్దు. మామూలు గిటార్‌లోలా ఫ్రెట్‌కి (మెడ మీది అడ్డ కమ్మీకి) వెనక కాదు, సరిగ్గా ఫ్రెట్ కమ్మీ పైనే ఉండాలి. తీగల మీద ముక్క జరుపుతూ వాయించే, మెట్లు లేని గోటువాద్యం చూసినవాళ్లకి ఇది తేలిక. బొబ్బిలి వీణకి అలవాటైన మా పిన్ని మాత్రం "తీగ లాగకుండా గమకమేంట్రా?" అంది.

గొట్టం వెనకున్న వేళ్లని తీగల మీద మెత్తగా ఆనిస్తే గరగర చాలావరకు పోతుంది. అసలు చిట్కా ఇదే.

శ్రుతి ఓపెన్ జి, అంటే తీగలు ఊరికే మీటినా జి కార్డ్ పలికేది: లావు తీగ నుంచి డి, జి, డి, జి, బి, డి. మామూలు శ్రుతి నుంచి మూడు తీగలు వదులు చేయడమే, తెగుతాయన్న టెన్షన్ అక్కర్లేదు. ముందు 12వ ఫ్రెట్ దగ్గర ఒక్క స్వరం నిలిపి, విడి తీగతో పోల్చుకోండి.