మెడ డాప్లర్‌కి వెళ్ళే ముందు ఒక్క కాగితం ఎలా రాయాలి?

పక్షవాతం వచ్చినవాళ్ళకి మెడలోని కెరోటిడ్ రక్తనాళాలు పూడుకుపోయాయేమో చూడటానికి డాక్టర్లు డాప్లర్ (నాళాల్లో రక్తం పారే తీరు చూపించే స్కాన్) రాస్తారు. గుంటూరులో అలాంటి కేసుల వివరాలు రాసుకునే పని నాది. సంచీడు ఫిల్ములు తెస్తారు గానీ, షుగరు ఎన్నేళ్ళుగా ఉందంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే రోగి వివరాలన్నీ ఇంటి దగ్గరే ఒక్క కాగితం మీద రాసి తెండి. (మూతి వంకర, చెయ్యి పడిపోవడం ఇప్పుడే మొదలైతే కాగితాలు మానేసి 108కి చెయ్యండి.)

1. తెల్ల కాగితం, పెన్ను తీసుకోండి. ఫోన్‌లో రాయొద్దు. అవసరమైనప్పుడే అది ఆరిపోతుంది.

2. వయసు, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు. ఏది ఎన్నేళ్ళుగా ఉందో రాయండి. నాలుగడుగులు నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతున్నాయా? కాళ్ళ నాళాలు పూడినవాళ్ళకి మెడలోనూ పూడిక ఉండొచ్చు, అదీ రాయండి. మెడకి ఎప్పుడైనా రేడియేషన్ ఇచ్చి ఉంటే తప్పనిసరి.

3. పొగాకు. "సిగరెట్టు అలవాటుందా?" అంటే "అబ్బే, లేదండీ" అంటారు. మరి చుట్టో? "అదెప్పట్నుంచో ఉందిగా!" బీడీ, చుట్ట, ఖైనీ విడివిడిగా అడగండి. కోడలి ముందు అడిగితే నిజం రాదు, పక్కింటి నేస్తాన్ని అడగండి. "మానేశాడు" అంటే ఎప్పుడు? ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి మానడాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

4. అందరూ పాడుచేసేది ఇక్కడే. ఈ పక్షవాతానికి ముందు కాసేపు వచ్చి పోయినవేమైనా ఉన్నాయా? అన్నం కలుపుతుంటే చెయ్యి పట్టు తప్పడం, పది నిమిషాలు మాట ముద్దగా రావడం, ఒక కంటికి తెర దించినట్టు చూపు పోయి మళ్ళీ రావడం. "అదా, వాతం చేసిందనుకున్నాం" అంటారు. ఆ ముక్కే కావాలి నాకు.

ఏ వైపో తప్పకుండా రాయండి. కుడి చెయ్యి పడితే సాధారణంగా ఎడమ మెడ నాళాన్ని అనుమానిస్తాం. కన్ను అలా కాదు, ఏ కన్నయితే ఆ వైపు నాళమే. "చెయ్యి" అని రాసి ఊరుకుంటే ఎందుకూ పనికిరాదు. లక్షణాలొచ్చిన వైపు నాళం 70 శాతం, ఆపైన మూసుకుంటే ఆపరేషన్ ఆలోచిస్తారు. 2 వారాల లోపు చేస్తేనే ఎక్కువ ఫలితం. వైపు తేలక తిరుగుతూ కూర్చుంటే ఆ రోజులు కరిగిపోతాయి.

కుర్రాళ్ళయితే ఇంకో ప్రశ్న: సెలూన్‌లో మెడ టక్కుమనిపించుకున్నారా? దాంతో నాళం లోపొర చిరిగి పక్షవాతం రావచ్చు. క్షవరానికెళ్ళి మెడ అప్పగించడం ఏం సరదానో నాకర్థం కాదు.

5. మందుల జాబితా వద్దు, అట్టలే తెండి. "బీపీ తగ్గిందని ఆపేశాం" అంటే ఆపిన నెల రాయండి. తగ్గింది మాత్ర వల్లేనండీ!

డాప్లర్‌కి సూది లేదు, పరగడుపూ అక్కర్లేదు. గొలుసు తీసి, కాలరు లేని చొక్కా వేయండి. రిపోర్టు బాగుందని మాత్రలు ఆపొద్దు. మనవాళ్ళలో పుర్రె లోపలి నాళాలు పూడటం ఎక్కువ, మెడ డాప్లర్‌లో అవి కనపడవు.

కాగితం ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టండి. అడుగున ఫోన్ నంబరు రాసేటప్పుడు, అమెరికాలో ఉన్న అబ్బాయిది కాదు, రోజూ మాత్రలిచ్చే మనిషిది రాయండి.